చెయ్యి ఆగిందా, ఆలోచన ఆగిందా

ముప్పై ఏళ్లు దాటినవాళ్ల ఆరోగ్య వివరాలు రాసుకోవడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిప్పే పత్రంలో, అరవై దాటినవాళ్ల కోసం కొన్ని ప్రశ్నలు విడిగా ఉంటాయి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నారా? తినడానికి, బట్టలు కట్టుకోవడానికి, స్నానానికి, మరుగుదొడ్డికి ఇంకొకరి సాయం కావాలా? దగ్గరివాళ్ల పేర్లు, సొంత ఇంటి చిరునామా మరచిపోతున్నారా? దేశమంతటికీ పత్రం ఒకటే కాబట్టి మా సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు బస్తీలోనైనా, నారాయణఖేడ్ తండాలోనైనా ఇవే ప్రశ్నలు. పెద్దవాళ్ల గురించి గడప దగ్గర ఈ మాత్రం అడగడం మంచి పనే. కానీ పార్కిన్సన్స్ జబ్బు, అంటే మన ఊళ్లలో వణుకుడు రోగం అని పిలిచేది, ఉన్న మనిషి విషయంలో ఈ జవాబులు సగం దారిలోనే ఆగిపోతాయి. సాయం కావాలంటే ఎందుకు కావాలి? వేళ్లు బిగుసుకుపోయి గుండీలు పెట్టుకోలేని మనిషికీ సాయం కావాలి. బనీను ముందా చొక్కా ముందా అన్న వరుస తప్పిపోతున్న మనిషికీ సాయం కావాలి. పత్రంలో ఇద్దరికీ పడే టిక్కు ఒకటే. ఇక పేర్లు మరచిపోతున్నారా అన్న ప్రశ్నకు ఇద్దరి ఇళ్లలోనూ లేదనే చెబుతారు, ఎందుకంటే ఈ జబ్బులో ఆలోచన తగ్గడం సాధారణంగా పేర్లతో మొదలుకాదు. ఈ రెండు రకాల చేయలేకపోవడాన్నీ విడదీసి చూడటమే పార్కిన్సన్స్ రోగి మెదడు పనితీరును అంచనా కట్టడంలో అసలు పని. దానికి కాగితం మీద వేసే మార్కులకన్నా ఆ మనిషి రోజువారీ పనుల్లో వచ్చిన మార్పే గట్టి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని సేకరించడం పెద్ద ఆసుపత్రి దాకా ఆగాల్సిన పని కాదు, పటాన్‌చెరు, సంగారెడ్డిలలోనే మొదలవ్వాలి.

ఈ జబ్బును మొదట వర్ణించిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో రాసిన చిన్న పుస్తకంలో రోగుల ఇంద్రియాలకు, బుద్ధికి హాని ఉండదని చెప్పాడు. ఆయన చూసినవాళ్లు ఆరుగురే, వాళ్లలోనూ కొందరిని వీధిలో చూసిందే. ఆ మాట మాత్రం వైద్యంలో చాలాకాలం నిలిచిపోయింది, జనంలో నేటికీ ఉంది: వణుకు ఉన్నవాడికి ఒళ్లే జబ్బు, బుర్ర బాగానే ఉంటుందని. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చనిపోవడం వల్ల కదలికలు మందగిస్తాయన్నది నిజమే. అయితే ఆ కణాల్లో కనిపించే ప్రోటీన్ ముద్దలు అక్కడితో ఆగవు. ఏళ్లు గడిచేకొద్దీ శ్రద్ధను, ఆలోచనను నడిపే భాగాల్లోకి కూడా పాకుతాయి, ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనమూ తగ్గుతుంది. డిమెన్షియా ఇంకా రాని పార్కిన్సన్స్ రోగులు 1,300 మందికి పైగా ఉన్న వివిధ దేశాల సమాచారాన్ని కలిపి 2010లో చూస్తే, నలుగురిలో ఒకరికి స్వల్పంగానైనా ఆలోచనలో లోపం అప్పటికే ఉంది. సిడ్నీలో ఇరవై ఏళ్లు వెంట నడిచి చేసిన అధ్యయనంలో, అంతకాలం బతికి ఉన్నవాళ్లలో 83 శాతం మందికి డిమెన్షియా వచ్చింది. భయపెట్టే అంకె అది. 2024లో వెలువడిన ఒక అమెరికన్ విశ్లేషణ మాత్రం, జబ్బు తొలిదశలోనే చేరినవాళ్ల బృందంలో పదేళ్లకు డిమెన్షియా అవకాశం పదిమందిలో ఒకరి కన్నా తక్కువే అని తేల్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ బృందంలో ఉన్నవాళ్లు ఎక్కువగా కాలేజీ చదువులున్నవాళ్లు, తొలిరోజుల నుంచీ మంచి వైద్యం అందినవాళ్లు. పటాన్‌చెరు పక్కన ఇస్నాపూర్‌లో ముప్పై ఏళ్లు షిఫ్టు డ్యూటీ చేసిన కార్మికుడికి ఆ అంకెను అలాగే అప్పగించలేం. ఎవరికి ఎప్పుడు వస్తుందో సగటు చెప్పదు కాబట్టే ఒక్కొక్క మనిషినీ విడిగా గమనించాలి.

తగ్గేది ఏమిటో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అల్జీమర్స్‌లో నిన్నటి సంగతి మనసులో ముద్రపడదు, గుర్తుచేసినా రాదు. పార్కిన్సన్స్‌లో చాలామందికి సంగతి లోపల ఉంటుంది, కాస్త అందిస్తే బయటికి వస్తుంది. ముందుగా దెబ్బతినేవి వేరు: పనిని దశలుగా పేర్చుకోవడం, ఒక పని మీంచి ఇంకో పనికి మనసు మళ్లించడం, రెండు విషయాలను ఒకేసారి పట్టించుకోవడం, వస్తువుల మధ్య దూరాన్నీ కోణాన్నీ అంచనా కట్టడం. మందుల కంపెనీలో రియాక్టర్ దగ్గర పనిచేసే ఆపరేటర్‌ను తీసుకోండి. బ్యాచ్ షీటు చూడాలి, ఈ వాల్వు మూశాకే ఆ వాల్వు తెరవాలి, ఉష్ణోగ్రత ఫలానా అంకె చేరేదాకా కలుపుతూ ఉండాలి, మధ్యలో సూపర్‌వైజర్ పిలిస్తే వెళ్లొచ్చి ఆగినచోటి నుంచి పట్టుకోవాలి. ఈ జబ్బు మొదట తాకేది సరిగ్గా ఇలాంటి పనినే. అందరి పేర్లూ చెప్పగలిగే మనిషి, పాత సంగతులు పొల్లుపోకుండా చెప్పే మనిషి, ఈ వరుసలో తప్పటడుగు వేస్తాడు. ఇంట్లో అయితే బియ్యం పొయ్యి మీద ఉండగా కూర తరగడం, పప్పు దించడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం కలిసి నడిచే వంటలో ఇదే బయటపడుతుంది. వంట ఆలస్యమైందంటే చేతులు నెమ్మదించాయని సరిపెట్టుకుంటారు. ఉప్పు రెండుసార్లు పడటాన్నీ, పొయ్యి మీద గిన్నె మాడటాన్నీ చేతుల మీదికి నెట్టలేం.

వైద్యశాస్త్రం కూడా గీత గీసింది ఇక్కడే. కదలికల జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం 2007లో పార్కిన్సన్స్ డిమెన్షియాకు, 2012లో దానికి ముందుండే స్వల్ప లోపానికి ప్రమాణాలు నిర్ణయించింది. రెండింటిలోనూ ఆలోచన తగ్గి ఉంటుంది. తేడా అల్లా ఒకటే, తగ్గుదల వల్ల రోజువారీ జీవితం దెబ్బతింటే అది డిమెన్షియా, సొంతంగా నెట్టుకురాగలిగితే స్వల్ప లోపం. ఆ దెబ్బ వణుకు, బిగుసుకుపోవడం, తూలడం వల్ల కలిగింది కాకూడదని షరతు. అంటే రోగనిర్ధారణ మొత్తం ఒక ప్రశ్న మీద నిలబడింది: ఈ మనిషి ఈ పని చేయలేకపోవడంలో ఒంటి వాటా ఎంత, మతి వాటా ఎంత? మామూలుగా వాడే రోజువారీ పనుల కొలబద్దలు ఈ తేడా చూడకుండా తయారైనవి. ఆ లోటు తీర్చడానికే చేతిబలంతో పనిలేని పనులను ఏరి పార్కిన్సన్స్ కోసం విడిగా ప్రశ్నావళులు వచ్చాయి. వాటిలో 2013లో స్పెయిన్ వైద్యులు ప్రకటించినది ఒకటి. 2007 ప్రమాణాలు సూచించిన చిట్కా ఇంకా సులువు: తాను రోజూ వేసుకునే మందులేమిటో, ఎన్నో, ఏ వేళకో రోగినే చెప్పమనడం. చదువు రాకపోయినా పచ్చ గోలీ పొద్దున ఒకటి, తెల్ల గోలీ మూడు పూటలా సగం అని చెప్పొచ్చు. గోలీని రేకు నుంచి ఒత్తి తీయలేకపోతే అది చెయ్యి. తీసి ఇచ్చినా ఏది ఎప్పుడో తెలియకపోతే, నిన్నటిదాకా తెలిసి ఇవాళ తెలియకపోతే, అది వేరే సంగతి.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. ఇంట్లోవాళ్ల మాటల మీద, రోజువారీ పనుల మీద ఆధారపడితే అంచనా మనిషికో తీరుగా ఉంటుంది కదా, 30 మార్కుల పరీక్ష ఉండగా ఇదంతా ఎందుకని. 1975 నుంచి వాడుకలో ఉన్న ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈ, 2005లో కెనడాలో వచ్చిన మోకా పరీక్ష ప్రపంచమంతా నడుస్తున్నాయి. మోకా పార్కిన్సన్స్‌కు మెరుగైనదే, ప్రణాళిక వేసే శక్తిని అది కాస్త తడుతుంది. కానీ దాన్ని మన కార్మికుడి ముందు పెట్టి చూడండి. గడియారం గీయమంటుంది, ఘనాకారం గీయమంటుంది. వణికే చేతికీ, పెన్సిలు పట్టే అలవాటు లేని చేతికీ గీత వంకరే వస్తుంది. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో చెప్పమంటుంది. గొంతు తగ్గి మాట నెమ్మదించిన రోగికి గడియారమే శత్రువు, బడికి వెళ్లనివాళ్లకు అక్షరమే తెలియదు. వందలోంచి ఏడేసి తీసేయమంటుంది. పన్నెండేళ్లకు మించి చదవనివాళ్లకు మోకా ఒక్క మార్కు కలుపుతుంది. ఇంటర్ చదివినవాడికీ, బడి గడప తొక్కనివాడికీ అదే ఒక్క మార్కు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత 66 శాతం చిల్లర, ముసలివాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో అది చాలా తక్కువ. అలాంటప్పుడు తక్కువ మార్కులు కొలుస్తున్నది ఆ మనిషి మెదడునా, 1960లలో ఆ ఊళ్లో లేని బడినా?

పరీక్షలను పారేయమని నా వాదన కాదు. వాటిని మన మనుషులకు తగ్గట్టు మలచిన పని హైదరాబాద్‌లోనే జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు రోగుల కోసం పరీక్షలను తెలుగులోకి తెచ్చి, చదువును బట్టి మార్కుల గీత ఎలా మారాలో చూసింది. భారత వైద్య పరిశోధన మండలి చొరవతో తెలుగు సహా పలు భారతీయ భాషల్లో, చదువు తేడాలను లెక్కలోకి తీసుకునే పరీక్షల పెట్టె ఒకటి తయారైంది. అదే నిమ్స్ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో 2013లో ప్రచురించిన అధ్యయనం, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని, చదువు రానివాళ్లలోనూ ఇది కనబడిందని చెప్పి ప్రపంచాన్ని ఆకట్టుకుంది. ఇంట్లో ఒక భాష, కంపెనీలో హిందీ, జహీరాబాద్ వైపు అంగడిలో కన్నడం, ఉర్దూ కలగలిసే ఈ జిల్లాకు ఆ ఫలితం చాలా దగ్గరిది. ఏ భాషలో అడిగారన్నది కూడా ఇక్కడ మార్కులను మారుస్తుంది. కాబట్టి పరీక్ష పెట్టాలి, ఆ మనిషి భాషలో పెట్టాలి, గోలీ పనిచేస్తున్న వేళ చూసి పెట్టాలి, ఏటా అదే పరీక్ష పెట్టి పాత మార్కులతో పోల్చాలి. ఒక్కరోజు ఒక్కసారి వచ్చిన అంకెను తీర్పుగా మాత్రం తీసుకోకూడదు.

అయితే రోజువారీ పనుల గురించి ఏమడగాలి? పడమటి ప్రశ్నావళులు చెక్కు రాయగలరా, కారు నడపగలరా అని అడుగుతాయి. ఇక్కడ అడగవలసినవి వేరే ఉన్నాయి. కిరాణా దుకాణంలో ఐదువందల నోటిచ్చి చిల్లర లెక్కచూసుకుంటున్నారా? ఫోన్‌లో పైసలు పంపేటప్పుడు సున్నా ఎక్కువ కొడుతున్నారా? లింగంపల్లి వెళ్లే బస్సేదో పోల్చుకుని ఎక్కుతున్నారా, దిగాల్సిన చోట దిగుతున్నారా? రేషన్ ఎప్పుడిస్తారో, పింఛను పడిందో లేదో పట్టించుకుంటున్నారా? ఎడ్లకు, బర్రెలకు మేత నీళ్లు వేళకు చూస్తున్నారా? టీవీలో సినిమా కథ పట్టుకోగలుగుతున్నారా? ప్రతి ప్రశ్న వెనకా ఇంకొకటి తప్పనిసరి: ఇంతకుముందు చేసేవారా? మన ఇళ్లలో ఎందరో ఆడవాళ్లు బ్యాంకు మెట్లు ఎక్కలేదు, ఎందరో మగవాళ్లు స్టవ్ వెలిగించలేదు. ఎన్నడూ చేయని పని ఇప్పుడూ చేయకపోతే అది జబ్బు కాదు. చేసినవాళ్లు మానేస్తే ఎందుకు మానేశారన్నది వెతకాలి. ముప్పై ఏళ్లు చీటీల లెక్క నోటిమీద చెప్పిన ఇల్లాలు ఇప్పుడు తడబడుతోందంటే, ఆ తడబాటు ఏ పరీక్షలోని తప్పు జవాబు కన్నా ఎక్కువ చెబుతుంది. ఆమెకు ఆమే కొలమానం.

ఇంటివాళ్ల మాట నమ్మదగినదా అన్నది తర్వాతి సందేహం. కొందరు దాస్తారు, పెళ్లికావలసిన పిల్లలున్న ఇంట్లో మరీను. కొందరు అలసిపోయి ఉన్నదానికి మించి చెబుతారు. కోడలు అతిప్రేమతో అన్నీ తానే చేసిపెడితే మామ ఏం చేయగలడో ఎవరికీ తెలియకుండా పోతుంది. రోగి మాటకూ పరిమితి ఉంది, తన లోపం తనకు కనబడకపోవడం కూడా ఈ లోపంలో భాగమే కావచ్చు. అందుకే ఎలా ఉన్నాడు అని అడిగితే ప్రయోజనం లేదు. పోయిన వారం ఏం జరిగిందని అడగాలి. ఇద్దరినీ విడివిడిగా అడగాలి. వీలైతే ఒక పని ఎదురుగా చేయించి చూడాలి, మందులపెట్టె విప్పించడం, చిల్లర లెక్కపెట్టించడం లాంటిది. రెండు మాటలు పొసగని చోటే డాక్టరుకు ఎక్కువ సమాచారం దొరుకుతుంది.

మార్పు ఉందని తేలాక కూడా దాన్ని వెంటనే డిమెన్షియా అనడానికి వీల్లేదు, ఈ జాగ్రత్తను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పార్కిన్సన్స్‌లో దిగులు జబ్బు చాలా మామూలు, అది మనిషిని మందగింపజేస్తుంది. బి12 లోపం, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, చెవులు వినబడకపోవడం, వీటన్నిటికీ పరీక్షలున్నాయి, చాలావాటికి చికిత్స ఉంది. రెండు మూడు రోజుల్లో సోయి తప్పినట్టు మారిపోతే అది మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో ఉప్పు తగ్గడమో, కొత్త మందో అయి ఉండొచ్చు, ఆసుపత్రికి పరుగెత్తాల్సిన విషయం. వణుకు తగ్గించడానికి చవకగా దొరికే ట్రైహెక్సీఫెనిడిల్ గోలీలు వృద్ధుల్లో మతిని మబ్బుపట్టిస్తాయి. ఒకసారి రాసిన చీటీనే ఏళ్ల తరబడి మందుల షాపులో చూపించి కొనుక్కునే మన అలవాటులో దాన్ని ఎవరూ ఆపరు. ప్రమిపెక్సాల్, రోపినిరాల్ వంటి మందులు కొందరిలో జూదం, విచ్చలవిడి ఖర్చు వైపు లాగుతాయి. పైసలు పోగొడుతున్నాడంటే అది మతి తగ్గడం కాక మందు ప్రభావం కావచ్చు, డాక్టరు మోతాదు మారిస్తే సర్దుకోవచ్చు. ఈ ప్రాంతంలో ఇంకో ప్రశ్న మొహమాటం లేకుండా అడగాలి: కల్లు తాగుతారా, ఏ కల్లు? ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తెలంగాణకు పాత బాధ. అది తాగుతున్నా, తాగడం హఠాత్తుగా మానేసినా ఆలోచన, నడక రెండూ చెదురుతాయి.

పటాన్‌చెరు పేరెత్తగానే వచ్చే ప్రశ్న మరొకటుంది: ఇక్కడి గాలి, నీళ్ల వల్లేనా ఇదంతా? పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నక్కవాగు సంగతి మూడు తరాలకు తెలుసు. ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకం కలిసిన నీళ్లు తాగిన అమెరికన్ సైనిక శిబిరంలో, ఆ కాలుష్యం లేని మరో శిబిరంతో పోలిస్తే పార్కిన్సన్స్ ముప్పు 70 శాతం ఎక్కువని 2023లో తేలింది. పారాక్వాట్ కలుపుమందు వాడిన రైతుల్లోనూ ముప్పు ఎక్కువని అధ్యయనాలున్నాయి. కాబట్టి ఫ్యాక్టరీ ద్రావకాలనూ, పొలం మందులనూ అనుమానించడం న్యాయమే, కార్మికుల రక్షణ కోసం పట్టుబట్టడమూ న్యాయమే. అయినా ఫలానా మనిషికి ఫలానా కంపెనీ వల్లే వచ్చిందని ఏ రక్తపరీక్షా, స్కానూ చెప్పలేదు. అయితే, ఎవరు ఏ ప్లాంటులో ఎన్నేళ్లు ఏ రసాయనం దగ్గర పనిచేశారు, ఎప్పటి నుంచి ఏ పని తప్పుతోంది అన్నవి ఇప్పటి నుంచే కేసు చీటీల్లోకి ఎక్కితే, రేపు ఆ ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లకు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఇంత తీరిక ఎవరికుందని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన మాటే, ఓపీలో ఒక్కో రోగికి దొరికేది కొద్ది నిమిషాలు. నిమ్స్ పటాన్‌చెరుకు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్నా నాలుగు నెలలకోసారి వెళ్లిన రోగి అక్కడ చూపించేది నడక, వణుకు. కానీ ఈ ప్రశ్నలు అడగడానికి న్యూరాలజిస్టే అక్కర్లేదు. బస్తీ దవాఖానాలో నర్సు అడగొచ్చు, రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో కార్మికుడి చీటీ మీద రాయొచ్చు, 2022లో మొదలైన సంగారెడ్డి ప్రభుత్వ మెడికల్ కాలేజీలో విద్యార్థులకు నేర్పొచ్చు. ఆశా పత్రంలో సాయం కావాలి అన్న టిక్కు పక్కన "ఒళ్లు సహకరించకా, ఎలా చేయాలో తోచకా" అన్న ఒక్క గడి చేరిస్తే చాలు, మిగతాది నిమ్స్‌లో మొదలవుతుంది. కంపెనీలకూ ఇది కావాలి. పార్కిన్సన్స్ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని ఆ చట్టం ప్రభుత్వ సంస్థలను కట్టడి చేస్తోంది, బీహెచ్ఈఎల్ లాంటివి ఆ కోవలోకే వస్తాయి. కాంట్రాక్టు కార్మికుడికి ఆ రక్షణ లేదు, నెమ్మదించగానే గేటు బయటే. చెయ్యి మాత్రమే నెమ్మదించిన అనుభవజ్ఞుడిని పర్యవేక్షణకు మార్చుకోవచ్చు. దశల వరుస తప్పుతున్నవాడిని రియాక్టర్ దగ్గర ఉంచడం అతనికీ పక్కవాళ్లకూ ప్రమాదం, చేయి తిరిగిన సులువైన పనిలో పెట్టొచ్చు. ఏది ఏదో తేల్చకుండా ఇద్దరినీ ఒకే తీరుగా పంపించేయడం అన్యాయం.

చివరికి మిగిలేది అన్నిటికన్నా బరువైన ప్రశ్న: నయంకాని దాన్ని ముందే తెలుసుకుని ఏం లాభం? నయం చేసే మందు లేదన్నది నిజం. రివాస్టిగ్మైన్ ఈ డిమెన్షియాలో కొంత మేలు చేస్తుందని 2004లోనే పెద్ద పరీక్షలో తేలింది, మేలు కొద్దిదే అయినా కొందరి ఇళ్లలో ఆ కొద్ది చాలా తేడా తెస్తుంది. హాని చేసే మందులు ఆపడం అంతకన్నా పెద్ద లాభం. లేని పిల్లలు, జంతువులు కనబడుతున్నాయని రోగి చెబితే గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఇళ్లున్నాయి, లేదా దగ్గరి క్లినిక్‌లో హాలోపెరిడాల్ ఇస్తారు. అది పార్కిన్సన్స్ రోగిని కదలలేకుండా బిగించేస్తుంది. ఆ దృశ్యాలు ఈ జబ్బులో భాగమని తెలిసిన ఇల్లు ఆ మందు వద్దంటుంది. ఇంకొకటి సొంత నిర్ణయాల సంగతి. ప్రాంతీయ రింగు రోడ్డు, జహీరాబాద్ పారిశ్రామిక మండలి వల్ల ఈ జిల్లాలో ఎకరం ధర ఎక్కడికో పోయింది, అరవై దాటినవాళ్ల పేర్ల మీదే చాలా పాసుపుస్తకాలున్నాయి. ఒప్పందం చేసుకునేవాడు దాన్ని అర్థం చేసుకుని తన మేలుకీడులు బేరీజు వేసుకోగలిగి ఉండాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే అంటుంది. వణికే చేతితో పెట్టిన సంతకం చెల్లుతుంది, తెలియక వేసిన వేలిముద్ర కొడుకుల మధ్య కోర్టుకు వెళుతుంది. స్వల్ప లోపం దశలోనే తెలిస్తే, భూమి ఏం చేయాలో, బ్యాంకు ఖాతా ఎవరు చూడాలో, తనకు చేతకానినాడు ఎవరి దగ్గర ఉంటాడో ఆ మనిషి తన నోటితో చెప్పడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.